అప్పడాల ధ్వంస కేంద్రం

పేరు తప్ప మరేదీ తయారుచెయ్యని ఆ విదేశీ కంపెనీ పేరు చినకొమ్ముపాలెంలో ఒక్కరికీ నోరు తిరగలేదు. అందుకని ఊరంతా దాన్ని సీమ కంపెనీ అనేవారు. ఆ కంపెనీ ఆఫీసరు నిఖిలేష్ మిట్టమధ్యాహ్నం కారు దిగి, బూట్ల మీద పడ్డ తవుడు దులుపుకుంటూ రైసుమిల్లు వెనక పాకలోకి వచ్చేసరికి నాంచారమ్మ రోట్లో రోకలి వేస్తోంది.

నాంచారమ్మ ఊళ్లో అప్పడాల సంఘానికి పెద్ద. తోటి ఆడవాళ్లతో కలిసి ఆ పాకలో మినప్పిండి ముద్ద దంచుతుంది, అప్పడాలు ఒత్తుతుంది, ఎండబెడుతుంది, గుడివాడ బజారుకి పంపుతుంది. ఇద్దరు దంచుతుంటే మిగతావాళ్లు పీటలు ముందేసుకుని ఒత్తుతారు. చేతులు అప్పడాలు పలచన చేస్తుంటే నోళ్లు ఊరివాళ్ల పరువులు పలచన చేస్తుంటాయి. రెండు పనులూ దేనికదే శ్రద్ధగా సాగేవి.

చిక్కంతా పాకతోనే. నాలుగు చినుకులు పడితే పిండి నాశనం. పైగా మిల్లు యజమాని పాక పీకేసి అక్కడ లారీలు పెట్టుకుంటానని కూర్చున్నాడు. నాంచారమ్మకి ఈ లోకంలో కావలసింది ఒక్కటే: సిమెంటు నేల, పైన స్లాబు ఉన్న ఒక షెడ్డు. అది దొరక్కపోతే సంఘం చెదిరిపోయి, తలా ఒక దిక్కు రొయ్యల తలలు తీసే పనికి పోవలసిందే. ఆ నీసు వాసన తలుచుకుంటేనే ఆమెకి అన్నం సయించేది కాదు.

“మీ అప్పడాలు మా కంపెనీకి నచ్చాయమ్మా. ఇకనుంచి మీరు చేస్తారు, మేం అమ్ముతాం,” అన్నాడు నిఖిలేష్.

“మీకు ఫ్యాక్టరీ లేదా బాబూ?”

“ప్రపంచంలో ఎక్కడా లేదు,” అన్నాడు అతను, తమ వంశంలో ఎవరికీ షుగరు లేదని చెప్పుకునేవాడిలా.

“బిస్కట్లు మీయే కదా?”

“పేరు మాది. చేసేది వేరేవాళ్లు.”

“సబ్బులో?”

“పేరు మాది.”

“మరి మీరేం చేత్తారయ్యా?”

“అదేనమ్మా, పేరు పెడతాం.”

పీట ముందు కూర్చున్న శేషారత్నం అప్పడాల కర్ర ఆపింది. నాంచారమ్మకి ఆమె వరసకి వదిన. నోటికి తలుపు లేని మనిషి.

“మా ఊళ్లో బారసాలకి మేనత్త పెడతాది బాబూ పేరు. చీర పెట్టి, పప్పన్నం పెట్టి బండెక్కిత్తాం. పేరు పెట్టా కదాని పిల్లాణ్ణి చంకనేసుకుపోతానంటే మాత్రం ఊరుకోం.”

నిఖిలేష్ కొంచెం ఆలస్యంగా నవ్వాడు. నవ్వడం కూడా ఆ కంపెనీ బయటివాళ్లకే ఇచ్చినట్టుంది.

అయితే అతను పోతూ పోతూ ఒక మాటన్నాడు. తమతో కలిసి పనిచేసే సంఘాలకి ప్రభుత్వం షెడ్లు ఇస్తోందని, కావాలంటే సిఫార్సు చేస్తానని. ఆ మాటతో నాంచారమ్మకి సీమ కంపెనీ మీద గౌరవం పుట్టింది. రోకలి పక్కన పెట్టి, అతనికి స్వయంగా మజ్జిగ కలిపి ఇచ్చింది.

*

షెడ్డు నిజంగానే వచ్చింది. మహిళా బ్రాండు ఉన్నతీకరణ సంస్థ అనే ప్రభుత్వ సంస్థ కాలవ గట్టు పక్కన కట్టించింది. నేల అద్దంలా ఉంది. స్లాబు మీదికి మెట్లున్నాయి. ఊరి అప్పడాలన్నీ ఒకేసారి ఎండబెట్టుకోవచ్చు. నాంచారమ్మ చెప్పులు విప్పి, గుడిలో అడుగుపెట్టినట్టు లోపలికి అడుగుపెట్టింది.

ప్రారంభోత్సవానికి ఆ సంస్థ అధికారి మార్కండేయులు వచ్చారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగేటప్పుడు కూడా ఉపన్యాసంలాగే అడుగుతారని చెప్పుకుంటారు.

“సోదరీమణులారా! ఉత్పత్తి అనునది మానవజాతి బాల్యదశ. చేతులతో పని చేయువాడు ఎదగలేదని అర్థం. అగ్రరాజ్యముల సంస్థలు ఏమి చేయుచున్నవి? ఏమియూ చేయుట లేదు! అందుకే అవి అగ్రస్థానమున ఉన్నవి. మీరును ఆ స్థితికి ఎదగవలెను. ఏమియూ చేయకుండుట నేర్చుకొనవలెను.”

“మా ఆయనకి ఎవరూ నేర్పకండానే వచ్చేసింది,” అంది శేషారత్నం పక్కావిడతో.

ఉపన్యాసం అయ్యాక మార్కండేయులుగారు షరతు చెప్పారు. ఈ షెడ్డు బ్రాండు సంస్థలకి ఉద్దేశించినది. ఇందులో బ్రాండు పనులు మాత్రమే జరగాలి. ఉత్పత్తి జరిగినట్టు తేలితే ఆ క్షణమే తాళం పడుతుంది.

“అంటే అప్పడాల షెడ్డులో అప్పడాలు చెయ్యకూడదాండీ?” అంది నాంచారమ్మ.

“చేయించవచ్చును. మీరు పేరు ధరించి యుండవలెను.”

నాంచారమ్మ కాసేపు ఆలోచించింది. పాక పోయింది, అక్కడ అప్పుడే లారీలు నిలబడ్డాయి. ఈ షెడ్డు కూడా పోతే ఇక రొయ్యలే గతి. సరేనంది. అప్పడాలు చేసి ఇచ్చే పని పక్క ఊరు గరికపర్రు సంఘానికి ఒప్పజెప్పింది. రోలూ రోకళ్లూ అటక మీదికి ఎక్కే వీలు లేక, షెడ్డు మూలన దుప్పటి కప్పుకుని పడుకున్నాయి.

ఫొటో తీయడానికి విజయవాడ నుంచి మనిషి వచ్చాడు. నాంచారమ్మ బేసరి పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, చేతిలో అప్పడాల కర్రతో నిలబడింది. ‘నాంచారమ్మగారి చేతి అప్పడాలు’ అని ప్యాకెట్ మీద అచ్చయింది. పైన చిన్నగా సీమ కంపెనీ పేరు, కింద పెద్దగా ఆమె నవ్వు. మొదటి ప్యాకెట్ చూసినప్పుడు ఆమెకి ఒళ్లు పులకరించిన మాట నిజం. దాన్ని అద్దం పక్కన మేకుకి తగిలించుకుని రెండు మొహాలూ మార్చి మార్చి చూసుకుంది.

“అద్దంలో ఆవిడ కంటే ప్యాకెట్లో ఆవిడ బాగుంది వదినా,” అంది శేషారత్నం.

“ఆవిడకేం పనుంది, కూర్చుని నవ్వడమేగా,” అంది నాంచారమ్మ.

సంఘం ఆడవాళ్లంతా పొద్దున్నే షెడ్డుకి వచ్చి బెంచీల మీద కూర్చునేవారు. బ్రాండు పని అంటే అదే. మొదట్లో హాయిగానే ఉంది. తరవాత్తరవాత చేతులు ఊరికే ఉండనంటున్నాయి. ఒకావిడ జేబురుమాలు తీసి మడవడం, విప్పడం, మళ్లీ మడవడం. శేషారత్నమైతే కూర్చున్న చోటే తొడ మీద అరచేత్తో గుండ్రంగా ఒత్తడం మొదలెట్టింది. చెయ్యడానికి పని లేకపోయేసరికి ఊరివాళ్ల కబుర్లకి కూడా రుచి పోయింది. రోకలి పోటు లేనిదే మాట పాకాన పడేది కాదు.

*

ఈ లోపు మార్కండేయులుగారు గరికపర్రు వెళ్లారు. అక్కడి ఆడవాళ్లు చెమటలు కక్కుతూ దంచుతుంటే చూసి ఆయన గుండె కరిగింది. వాళ్లకీ ఉపన్యాసం ఇచ్చారు, షెడ్డు ఇచ్చారు, ఫొటో తీయించారు. వాళ్లు చేసే పనిని ఉల్లిలంకకి ఒప్పజెప్పారు. ఉల్లిలంకలోనూ ఉన్నతీకరణ జరిగింది. వాళ్లు నడిమేరుకి ఇచ్చారు. నడిమేరు వాళ్లు ఇంకొకరికి. సంవత్సరం తిరగకుండా ఆ చుట్టుపక్కల అప్పడాలు ఒత్తే ప్రతి ఆడమనిషీ ఏదో ఒక ప్యాకెట్ మీద నవ్వుతూ నిలబడింది. మార్కండేయులుగారికి సన్మానం జరిగింది.

ఒకరోజు బాజీ అనే బేరగాడు మోటారు సైకిలు మీద షెడ్డుకి వచ్చాడు. ఎక్కడో చివరి ఊరి సంఘం అతన్ని పంపించింది. ఎక్కడా అప్పడాలు చేసేవాళ్లు దొరక్క పాపం ఎండలో తిరిగి తిరిగి నల్లబడిపోయాడు.

“అమ్మా, ఇక్కడ అప్పడాలు చేసేవోళ్లు ఎవరన్నా ఉన్నారా?”

“ఏ రకం కావాలి?” అంది నాంచారమ్మ.

బాజీ సంచిలోంచి ప్యాకెట్ తీసి చూపించాడు. “అచ్చం ఈవిడ చేసినట్టుండాలంట. శానా పెద్ద బ్రాండంట. మీవల్ల అవుద్దా మరి?”

శేషారత్నం కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఈవిడంటే నేనేనయ్యా!” అంది నాంచారమ్మ.

బాజీ ప్యాకెట్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. “పోలికలైతే ఉన్నయ్ లెండి. అప్పచెల్లెళ్లా? ఆవిడ కొంచెం కలిగిన మనిషిలా ఉంది.”

“నా మొహం చూసి చెప్పవయ్యా!”

“మొహం సంగతి నాకెందుకమ్మా, అప్పడం పలచగా వత్తే చాలు.”

నాంచారమ్మకి విషయం అంతా అప్పుడు బోధపడింది. తను గరికపర్రుకి ఇచ్చిన పని ఊరూరా తిరిగి, కాళ్లు అరిగి, తన గుమ్మానికే వచ్చింది. ఈ షెడ్డులో ఎవరూ చెయ్యకపోతే ఇంకెక్కడా ఎవరూ చెయ్యరు. కాదంటే తన మొహం ఉన్న ప్యాకెట్లోకి అప్పడమే ఉండదు. అవునంటే షెడ్డుకి తాళం.

“ఏం చేద్దామే?” అంది.

శేషారత్నం అప్పటికే మూలకి వెళ్లి దుప్పటి లాగేసింది.

*

తలుపులు మూసుకుని దంచారు. ఎంత మూసుకున్నా రోకలి పోటుకి తలుపులడ్డమా? మూడిళ్ల అవతలికి వినిపించింది. కాలవ గట్టున పోయే గొర్రెలు కూడా తలెత్తి చూశాయి. ఇంగువ వాసన కూడా ఏ తలుపుకీ ఆగలేదు. నెల తిరక్కుండానే జీపు వచ్చి ఆగింది. మార్కండేయులుగారు గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చారు. వెనక జవాను చేతిలో తాళం ఉంది.

“ఉత్పత్తి వాసన వచ్చుచున్నది.”

నాంచారమ్మ మోచేతుల దాకా పిండితో ఉంది. దాచడానికి చోటు లేదు. షెడ్డు చివరినుంచి చివరిదాకా ఒకసారి చూసుకుంది. స్లాబు, అద్దంలాంటి నేల, దాని మీద చాపలు, చాపల నిండా అప్పడాలు. తన వెనక బిక్కమొహాలతో ఆడవాళ్లు.

“చేయడం కాదండీ,” అంది. “చేసి చూపించడం.”

“అనగా?”

“బ్రాండు అంటే ఏంటో జనాలకి తెలియాలి కదండీ. ఎనకటికి అప్పడాలు ఇట్టా చేసేవోళ్లని చూపిత్తన్నాం.”

మార్కండేయులుగారి మొహం మెల్లగా విప్పారింది. “ప్రదర్శన! సాంస్కృతిక ప్రదర్శన! అది బ్రాండు కార్యకలాపమే. నిబంధనలు అనుమతించును.” మళ్లీ మొహం ముడుచుకుంది. “కాని ప్రదర్శన ఫలితముగా ఈ అప్పడములు ఏర్పడుచున్నవే! ఉపయోగకరమైన వస్తువు ఏర్పడిన యెడల అది ఉత్పత్తి అగును. వీటిని అధికారి సమక్షమున ధ్వంసం చేయవలసి యుండును.”

“కాల్చేద్దామా సార్?” అన్నాడు జవాను.

“పొగ వచ్చును. కాలుష్యం వారు ఊరుకొనరు.”

“కాలవలో పారేద్దామండీ.”

“నీటిపారుదల వారి అనుమతి కావలెను.”

“పాతిపెడితే?”

“పంచాయతీ స్థలము.”

ముగ్గురూ దీర్ఘంగా ఆలోచించారు. అప్పుడు నాంచారమ్మ మెల్లగా అంది: “నూనెలో ఏత్తే ధ్వంసమైపోద్ది బాబూ. తరవాత దాని ఆనవాలు కూడా మిగలదు. మీరే చూద్దురుగాని.”

మూకుడు పొయ్యెక్కింది. అప్పడాలు నూనెలో పడి, బుస్సున పొంగి, బంగారు రంగుకొచ్చాయి. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి ఎక్కణ్ణుంచో వచ్చేశాయి. మార్కండేయులుగారు మొదటిదాన్ని చేతిలోకి తీసుకుని, కర్తవ్య దీక్షతో ఫెళ్లున విరిచారు. రెండోదీ విరిచారు. ఆ తరవాత చాలాసేపు ఆయన ఉపన్యసించలేదు. జవాను తాళాన్ని పక్కన పెట్టి తనూ కర్తవ్యంలో దిగాడు.

“ధ్వంసం సంతృప్తికరముగా జరిగినది,” అన్నారు చివరికి, చెయ్యి కడుక్కుంటూ. “ప్రతి వారమూ జరగవలెను. నేను స్వయముగా పర్యవేక్షించెదను.”

మరుసటి వారం సంస్థ నుంచి మరికొందరు అధికారులు పర్యవేక్షణకి వచ్చారు. ఆ పై వారం భార్యలతో వచ్చారు. సంస్థ దీన్ని ధ్వంస సంఘంగా గుర్తించి, నూనెకీ పప్పుకీ ఖర్చు మంజూరు చేసింది. చేసినదంతా వాళ్లే తినేసి పోతుంటే బాజీకి ఒక్క అప్పడం మిగల్లేదు. అతను వచ్చినప్పుడల్లా ఖాళీ సంచితో వెళ్లేవాడు. అలాగని ఊరికే వెళ్లేవాడూ కాదు, కూర్చుని కాసేపు ధ్వంసం చేసి వెళ్లేవాడు.

*

సరుకు రాకపోయేసరికి సీమ కంపెనీ కంగారు పడుతుందనుకున్నారు. నిఖిలేష్ మాత్రం పెళ్లికొడుకులా మెరిసిపోతూ వచ్చాడు.

“అమ్మా, గొప్ప ముందడుగు వేశాం. తయారీని పూర్తిగా బయటికి ఇచ్చేశాం!”

“ఎవరికి బాబూ? ఎక్కడా ఎవరూ లేరే.”

“కొనేవాళ్లకి!”

ప్యాకెట్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. తన మొహం నవ్వుతోంది. లోపల ఏమీ లేదు. వెనకవైపు చిన్న అక్షరాల్లో రాసి ఉంది: మీ అప్పడాలు మీరే చేసి ఇందులో వేసుకోండి. పేరు మా బాధ్యత.

“ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని,” అంది శేషారత్నం. “కొంటన్నారా ఎవరన్నా?”

“విరగబడి కొంటున్నారు. ఇదివరకు ప్యాకెట్ విప్పితే సగం విరిగిన అప్పడాలుండేవి. ఇప్పుడు విరిగిందన్నది ఒక్కటి లేదు. పైగా తేలిక. లారీలో ఎన్నయినా పడతాయి. ఎలుకలు కొట్టవు. బూజు పట్టదు. అసలు ఇన్నాళ్లూ మా వ్యాపారానికి అడ్డం వచ్చింది అప్పడమేనమ్మా!”

అతను చెప్పింది నిజమే. జనం కొన్నారు. కానీ కొన్నవాళ్లకి అప్పడాలు చెయ్యడం రాదు. చెయ్యడం వచ్చినవాళ్లంతా ప్యాకెట్ల మీద నవ్వుతున్నారు. కొన్నాళ్లు పక్కింటివాళ్లని అడిగి చూశారు. పక్కింటివాళ్ల దగ్గరా ఖాళీ ప్యాకెట్టే. చివరికి ప్యాకెట్ మీది ఊరి పేరు పట్టుకుని బస్సులెక్కారు.

ఒక ఆదివారం పొద్దున చినకొమ్ముపాలెం కాలవ గట్టంతా జనం. అందరి చేతుల్లోనూ నాంచారమ్మ నవ్వు. షెడ్డు గుమ్మంలో అసలు నాంచారమ్మ నవ్వకుండా నిలబడింది.

“పిన్నిగారూ, దీంట్లో కాసిని అప్పడాలు వేసి పెట్టండి,” అంటోంది గుడివాడావిడ.

“వారం నుంచి మా మావగారు అప్పడం లేనిదే ముద్ద ముట్టుకోనని కూర్చున్నారమ్మా,” అంటున్నాడు ఇంకొకాయన.

వాళ్లని తోసుకుంటూ మార్కండేయులుగారి జీపు వచ్చింది. ఆదివారం ధ్వంసానికి సకుటుంబంగా వచ్చిన ఆయన గుంపుని చూసి నిలువునా నీరయ్యారు.

“అమ్మకము! ప్రజలకు అమ్మకము జరుగుచున్నది! ఇది నిస్సందేహముగా ఉత్పత్తి!” గొంతు తగ్గించి, “నాంచారమ్మగారూ, నేనేమియూ చేయజాలను. తాళము వేయవలసినదే,” అన్నారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. పొయ్యి మీద నూనె కాగుతున్న వాసన అప్పుడే వస్తోంది.

జవాను తాళం చేతిలోకి తీసుకున్నాడు. లోపల రోకలి ఆగిపోయింది.

నాంచారమ్మ ఆ తాళం వైపు చూసింది. ఆ తరవాత జనం వైపు చూసింది. అంతమంది ఆకలి మొహాలు ఆమె ఎప్పుడూ చూడలేదు.

“అమ్మకం ఎక్కడుందండీ?” అంది గట్టిగా. “మీరంతా కలిసి వారానికోసారి ధ్వంసం చేత్తంటే ఏ మూలకి? కుప్పలు కుప్పలు పడున్నాయి. అందుకని ధ్వంస సంఘంలోకి కొత్తవోళ్లని చేర్చుకుంటన్నాం. ఈళ్లంతా చేరడానికి వచ్చినోళ్లు. ఏమ్మా?”

గుడివాడావిడ చురుకైన మనిషి. “అవునండీ! మాకు ధ్వంసం చెయ్యడం బాగా అలవాటు!” అంది. “మా ఇంటిల్లిపాదీ చేస్తాం!” అన్నారు వెనకనుంచి.

మార్కండేయులుగారు తాళం మీద చెయ్యి వేసి ఆగారు. “సభ్యులు చేరవచ్చును. చందా స్వీకరించవచ్చును. అది అమ్మకము కాదు. కాని ధ్వంసము అధికారి సమక్షమున జరగవలెనని నిబంధన. వీరందరూ ఇండ్లకు పట్టుకొనిపోయి ధ్వంసం చేసిన యెడల, ఇంటింటికీ నేనెట్లు రాగలను?”

శేషారత్నం ఖాళీ ప్యాకెట్ ఒకటి అందుకుని ఆయన మొహం పక్కన పెట్టి చూసింది.

“నా వదిన బొమ్మ పక్కన మీ బొమ్మ కూడా ఏయిత్తే ప్రతి ఇంట్లోనూ మీరున్నట్టే కదండీ,” అంది.

మార్కండేయులుగారు ప్యాకెట్ తీసుకున్నారు. నాంచారమ్మ నవ్వు పక్కన ఉన్న ఖాళీ చోటుని చాలాసేపు చూశారు. జేబులోంచి దువ్వెన తీశారు.

*

ఆ తరవాత చినకొమ్ముపాలెం షెడ్డు గుమ్మానికి ‘అప్పడాల ధ్వంస కేంద్రం’ అని బోర్డు వెలిసింది. ఆడవాళ్లు తెల్లవారుజామునే వచ్చి దంచుతున్నారు. ఊరివాళ్ల కబుర్లకి మళ్లీ పాకం కుదిరింది. చుట్టుపక్కల ఊళ్ల సంఘాలు కూడా బెంచీలు దిగి ధ్వంసానికి అనుమతి కోరాయి. వచ్చినవాళ్లు చందా కట్టి, ప్యాకెట్లు నింపించుకుని, ఇళ్లకి పోయి మార్కండేయులుగారి సమక్షంలో ధ్వంసం చేసుకుంటున్నారు. సీమ కంపెనీ ఖాళీ ప్యాకెట్లు అమ్ముకుంటూ సుఖంగా ఉంది.

ఏడాది చివర రాష్ట్రంలోని షెడ్లన్నిటినీ పై అధికారులు తనిఖీ చేశారు. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు గుట్టుగా ఏదో ఒకటి చేస్తూ పట్టుబడ్డారు. తయారైన ప్రతిదాన్నీ మిగలకుండా నాశనం చేస్తున్న షెడ్డు చినకొమ్ముపాలెంలోనే ఉందని తేల్చి, అంత ఆదర్శవంతమైన సంఘానికి ఆ షెడ్డు శాశ్వతంగా రాసిచ్చేశారు.

ఆ కబురు మార్కండేయులుగారే స్వయంగా మోసుకొచ్చారు. నాంచారమ్మ పిండి చేత్తోనే గోడని ఒకసారి తడిమింది. గోడ మీద అయిదు వేళ్లూ తెల్లగా పడ్డాయి.

“అయితే వచ్చే సంవత్సరము ధ్వంసమును రెట్టింపు చేయవలెనని ఆదేశము,” అన్నారు మార్కండేయులుగారు.

“రెట్టింపంటే ఈ రోలు చాలదయ్యా. ఇంకోటి కావాలి.”

“రోలు ఉత్పత్తి పరికరము. మంజూరు చేయుటకు వీలు లేదు. ధ్వంస పరికరము అని వ్రాసినచో తెప్పించగలను.”

“ఏ పేరన్నా రాసుకో నాయనా,” అంది నాంచారమ్మ, రోకలి అందుకుంటూ. “రాయి గట్టిది చూసి తీసుకురా.”